విద్యుత్ కారు – కుటుంబ నిర్ణయం

గోదావరి డెల్టాలో ప్రయాణం చాలాకాలం నీటి మీదనే సాగింది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తి కాగా, అక్కడి నుండి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరు పారించడంతో పాటు పడవలకు దారులైనాయి. లాకుల దగ్గర నీటిమట్టం సరిపడే వరకు పడవ ఆగేది. గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగే మనుషుల నడకే దాని వేగం. నదీపాయ దాటాలంటే రేవులో పంటు కోసం వేచి ఉండవలసిందే. 1974లో రాజమహేంద్రవరం – కొవ్వూరుల మధ్య రోడ్డు-రైలు వంతెన, 2002లో యానాం – ఎదుర్లంకల మధ్య బాలయోగి వారధి ప్రారంభమైన తరువాత డెల్టా ప్రయాణం క్రమంగా రోడ్డుకెక్కింది. సైకిలు, మోటారు సైకిలు, ఆ వెనుక కారు ఇంటి ముంగిటికి చేరాయి.

ఇప్పుడు కారు కొనదలచిన కుటుంబం ముందు మరొక ప్రశ్న ఉన్నది. పెట్రోలు బండి కొనాలా, విద్యుత్ బండి కొనాలా? ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. పది పన్నెండు లక్షల రూపాయలంటే డెల్టాలో ఒక మధ్యతరగతి కుటుంబానికి అనేక సంవత్సరాల పొదుపు, లేదా ఏడేళ్ల అప్పు. కూతురు చదువుకో, ఇంటి పైకప్పుకో పనికివచ్చే డబ్బు అది. కాబట్టి ఇరుగుపొరుగు మాటల మీద, ప్రకటనల మీద ఆధారపడి తీర్చుకోవలసిన ప్రశ్న కాదు.

విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టినది కాదన్న సంగతి చాలామందికి తెలియదు. 1900 ప్రాంతంలో అమెరికా వీధుల్లో ఆవిరి బండ్లు, పెట్రోలు బండ్లతో పాటు విద్యుత్ బండ్లు సమానస్థాయిలో తిరిగేవి. పెట్రోలు బండిని కదిలించాలంటే ముందు నిలబడి ఇనుప కమ్మీ తిప్పాలి. అది చేయి విరిచేటంత ప్రమాదం. విద్యుత్ బండికి ఆ బాధ లేదు. పెట్రోలు కార్లను ప్రపంచమంతటా నింపిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపినది విద్యుత్ కారే. 1912లో ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలోకి రావడంతో కమ్మీ తిప్పే పని పోయింది. విద్యుత్ కారుకున్న ఆధిక్యాన్ని ఒక చిన్న విద్యుత్ పరికరమే తీసివేసిందన్నమాట. మన దేశంలో బెంగుళూరులో తయారైన రేవా 2001లో మార్కెట్లోకి వచ్చింది. ఇద్దరికి మాత్రమే సుఖంగా సరిపోయే ఆ బండి లండను వీధుల్లో కనిపించింది కాని మన పల్లెలకు రాలేదు. 2020 జనవరిలో టాటా నెక్సాన్ విద్యుత్ రూపం విడుదలైన తరువాతనే కుటుంబమంతా కూర్చోదగిన విద్యుత్ కారు మధ్యతరగతి ఆలోచనల్లో చోటు చేసుకుంది. 2025 జూలైలో అనంతపురం ప్రాంతపు కియా కర్మాగారం నుండి ఏడుగురు కూర్చునే కారెన్స్ క్లావిస్ విద్యుత్ కారు వెలువడింది. అమ్మమ్మ, తాతయ్యలతో కలిసి పెళ్ళికి పోవలసిన ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

నిర్ణయం చేసే పద్ధతిని గురించి మన సాహిత్యంలోనే ఒక మంచి కథ ఉన్నది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలో నలోపాఖ్యానం వస్తుంది. దమయంతికి మరల స్వయంవరమన్న వార్త విని ఋతుపర్ణుడు అయోధ్య నుండి విదర్భకు ఒక్క పగటిలో చేరవలసి వస్తుంది. సారథి బాహుకుడు, అనగా మారురూపంలో ఉన్న నలుడు. గుర్రాల మనసెరిగిన అశ్వహృదయం అతని విద్య. దారిలో ఒక తాండ్రచెట్టును చూచి ఋతుపర్ణుడు దాని ఆకులూ కాయలూ ఎన్ని ఉన్నవో చెప్పుతాడు. బాహుకుడు వెంటనే నమ్మడు. రాజుగారికి ఎంత తొందరగా ఉన్నా రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూస్తాడు. లెక్క సరిపోతుంది. ఆ మీదట ఒకరి విద్య మరొకరు నేర్చుకుంటారు. బండిని ఎరగడం ఒక విద్య, లెక్కను ఎరగడం మరొక విద్య. కారు కొనే కుటుంబానికి రెండూ కావాలి. బాహుకుని వలె చెప్పిన లెక్కను దిగి చూసుకునే ఓపిక కూడా కావాలి.

లెక్క ఇలా వేసుకోవచ్చు. అమలాపురం దగ్గరి గ్రామంలో ఉండి పట్టణంలో ఉద్యోగం చేసే ఒక ఉపాధ్యాయుని ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. బండి రోజుకు 20 కిలోమీటర్లు తిరుగుతుంది. నెలకు 600. పెట్రోలు కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తే నెలకు 33 లీటర్లకు పైగా కావాలి. లీటరు 110 రూపాయలనుకుంటే సుమారు 3,670 రూపాయలు. విద్యుత్ కారు చార్జింగులో జరిగే నష్టాన్ని కూడా కలుపుకొని యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే నెలకు 100 యూనిట్లు చాలు.

ఆ 100 యూనిట్ల ధర ఎంత అన్న చోటనే చాలామంది పొరబడుతున్నారు. గృహ విద్యుత్తుకు ఒకే ధర ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుండి అమలైన ధరల పట్టికలో మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. మెట్లెక్కిన కొద్దీ ధర పెరుగుతుంది. కారు వాడుకునే విద్యుత్తు ఇంటి వాడకం మీద పైమెట్టుగా చేరుతుంది. కాబట్టి దానికి కింది మెట్టు ధర వేసి చూడడం తప్పు. పై ఉపాధ్యాయుని ఇంట్లో నెలకు ఇప్పటికే 200 యూనిట్లు కాలుతున్నవనుకుందాం. కారుకు కావలసిన 100 యూనిట్లలో మొదటి 25 యూనిట్లు 6 రూపాయల మెట్టులో, మిగిలిన 75 యూనిట్లు 8.75 మెట్టులో పడతాయి. మొత్తం సుమారు 806 రూపాయలు. సర్దుబాటు చార్జీలు, సుంకం వేరు. అమ్మకందారు చెప్పే ‘కిలోమీటరుకు అర్ధరూపాయి’ మాటకు ఇది రెండింతలు దాటుతుంది. అయినా పెట్రోలు ఖర్చులో నాలుగో వంతుకు మించదు.

నెలకు మిగిలేది సుమారు 2,860 రూపాయలు, సంవత్సరానికి 34,000. ఇంజను ఆయిలు, క్లచ్ వంటి వాటి ఖర్చు లేదు కాబట్టి మరికొంత కలుస్తుంది. విద్యుత్ కారు అదే తరహా పెట్రోలు కారు కంటే సాధారణంగా 3 నుండి 5 లక్షల రూపాయలు ఎక్కువ. 4 లక్షల తేడా అనుకుంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి పదకొండు సంవత్సరాలకు పైగా పడుతుంది. ఇంకొక మాట కూడా ఉన్నది. ఆ 4 లక్షలు 9 శాతం వడ్డీకి అప్పు తెచ్చినవైతే మొదటి ఏడాది వడ్డీయే 36,000 రూపాయలు. పెట్రోలు బంకుకు మిగిల్చినది బ్యాంకుకు చెల్లిపోతుంది.

అదే కుటుంబం రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే లెక్క మారుతుంది. నెలకు 1,500 కిలోమీటర్లకు పెట్రోలు 9,160 రూపాయలు దాటుతుంది. విద్యుత్తు 250 యూనిట్లు, ధర సుమారు 2,170 రూపాయలు. నెలకు 7,000, సంవత్సరానికి 84,000 రూపాయలు మిగులుతాయి. నాలుగు లక్షలు అయిదేళ్లలోపే తిరిగి వస్తాయి. రాజమహేంద్రవరం నుండి కాకినాడకు, భీమవరం నుండి తాడేపల్లిగూడేనికి రోజూ సొంత బండిలో వెళ్ళి వచ్చేవారికి ఈ లెక్క వర్తిస్తుంది. గుడికీ, సంతకూ, ఆదివారం బంధువుల ఇంటికీ తప్ప కదలని కారుకు వర్తించదు. విచిత్రమేమంటే తక్కువ తిరిగే ఇల్లే విద్యుత్ కారుకు అన్నివిధాల అనువుగా కనిపిస్తుంది. దారిలో బ్యాటరీ అయిపోతుందన్న భయం దానికి లేదు. లాభం మాత్రం ఎక్కువ తిరిగేవానిది.

పన్నుల సంగతి క్లుప్తంగా తెలుసుకుంటే చాలు. విద్యుత్ వాహనాలపై జి.ఎస్.టి. 2019 ఆగస్టు 1 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 28 శాతం నుండి 18 శాతానికి దిగడంతో రెండింటి మధ్య దూరం తగ్గింది. విద్యుత్ కారు అప్పు వడ్డీకి ఆదాయపు పన్నులో లక్షన్నర వరకు ఇచ్చిన మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే పరిమితం. ఆ తేదీ తరువాత కూడా దానిని ఎరగా చూపేవారు లేకపోలేదు. ‘ఫేమ్’ పథకం రెండవ దశలో కారుకు ఇచ్చిన రాయితీ కిరాయి వాహనాలకే గాని సొంత కార్లకు కాదు. రాష్ట్రాల జీవితకాల పన్ను నిబంధనలు తరచు మారుతుంటాయి. రవాణా కార్యాలయంలో అడిగి రాయించుకున్న అంకెనే లెక్కలో వేయాలి.

విద్యుత్ కారును గురించి అందరూ మొదట అడిగే ప్రశ్న ‘ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుంది?’ అని. దానికంటె ముందు అడగవలసినది ‘రాత్రి ఎక్కడ నిలుస్తుంది?’ అన్నది. మహానగరంలో అపార్టుమెంటు సెల్లారులో ఉమ్మడి మీటరుతో తంటాలు పడేవారితో పోలిస్తే డెల్టా గ్రామస్థుడు అదృష్టవంతుడు. అతనికి సొంత ఆవరణ ఉంటుంది, సొంత మీటరు ఉంటుంది. 15 ఆంపియర్ల ప్లగ్గు నుండి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కినా, రాత్రి భోజనం వేళ నుండి తెల్లవారే వరకు 30 యూనిట్లు నిండుతాయి. అది 180 కిలోమీటర్ల ప్రయాణం. అయితే పాత పెంకుటింటికి నలభై ఏళ్ల కిందట వేసిన తీగల మీద ఈ భారం మోపరాదు. గంటల తరబడి అదే ప్లగ్గు వేడెక్కుతుంది. మీటరు నుండి కారు వరకు విడిగా తీగ వేయించుకొని, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు గొయ్యి తీయించి, విద్యుత్ సంస్థ దగ్గర మంజూరైన లోడు పెంచుకోవాలి. నేలలో చెమ్మ ఉండడం వలన ఎర్తింగు డెల్టాలో సులభమే. ఇబ్బంది వోల్టేజితో. రొయ్యల చెరువుల ఏరియేటర్లు రాత్రంతా తిరిగే గ్రామాల్లో లైను చివరి ఇళ్ళవారు ముందుగా వోల్టేజి కొలిపించుకోవడం మంచిది.

ఇంటి కప్పు మీద సౌరఫలకాలు పెట్టించుకుంటే మెట్ల ధరల బాధ తగ్గుతుంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల రాయితీ ఉన్నది. మంచి ఎండలో కిలోవాటుకు రోజుకు దాదాపు 4 యూనిట్లు వస్తాయి. ఇంటి అవసరమూ, కారు అవసరమూ కలిపి దానితో చాలావరకు తీరుతుంది. కోనసీమలో మాత్రం ఒక చిక్కు. ఇంటిచుట్టూ కొబ్బరిచెట్లు. వాటి నీడ ఫలకం మీద ఒక మూల పడినా ఉత్పత్తి తగ్గుతుంది. నీడ కోసం చెట్టు కొట్టించే కోనసీమవాసి ఉండడు, ఉండనవసరమూ లేదు. ఆ చెట్టు కిందనే కారు నిలిపితే కాయ పడే భయం పెట్రోలు కారుకూ, విద్యుత్ కారుకూ సమానమే.

దూరప్రయాణం విషయం వేరు. రాజమహేంద్రవరం నుండి విశాఖపట్టణం సుమారు 190 కిలోమీటర్లు. హైదరాబాదు నాలుగు వందలు దాటుతుంది. కంపెనీ 400 అని ప్రకటించిన బండి శీతల యంత్రం వేసుకొని రహదారి మీద వేగంగా పోతే 270, 280 కిలోమీటర్ల దగ్గర ఆగాలని చూస్తుంది. విశాఖకు ఒక్క ఊపులో చేరవచ్చు. హైదరాబాదుకు దారిలో కనీసం ఒకసారి వేగవంతమైన చార్జింగుకు నిలవాలి. అది ముప్పావుగంట. భోజనం వేళతో కలిపితే ఆ సమయం బరువనిపించదు. కాని సంక్రాంతికి హైదరాబాదు – విజయవాడ రహదారి వాహనాలతో కిక్కిరిసిపోయే రోజుల్లో చార్జింగు కేంద్రం దగ్గర తన ముందు మూడు కార్లు ఉంటే ముప్పావుగంట మూడుగంటలవుతుంది. ప్రైవేటు కేంద్రాల్లో యూనిట్ ధర కూడా సాధారణంగా 15 నుండి 25 రూపాయలు. అక్కడ విద్యుత్తుకూ, పెట్రోలుకూ ఖర్చులో ఉన్న దూరం బాగా తగ్గిపోతుంది. మారేడుమిల్లి అడవుల మీదుగా భద్రాచలం పోదలచిన వారు చార్జింగు ఎక్కడ దొరుకుతుందో ముందే విచారించుకోవాలి. ఏడాదికి మూడు నాలుగు దూరప్రయాణాలే ఉంటే ఆ రోజులకు రైలు ఎక్కడమో, బండి అద్దెకు తీసుకోవడమో చవక. ఈ మాట చెప్పగానే ఇంట్లో పెద్దలు ‘ఇంత పెట్టి కారు కొని పండుగకు అద్దె బండా?’ అంటారు. ఆ అభిమానానికి కూడా ఒక ధర ఉన్నది. దానిని కుటుంబమే నిర్ణయించుకోవాలి.

డెల్టాకు ప్రత్యేకమైన ప్రశ్న నీరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో ప్రవహించింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 10 లక్షల దగ్గర మొదటి హెచ్చరిక, 13 లక్షల దగ్గర రెండవది, ప్రవాహం ఇంకా పెరిగితే మూడవది ఇస్తారు. లంక గ్రామాలవారికి ఈ అంకెలు కంఠపాఠం. విద్యుత్ కారు బ్యాటరీని నీరు చొరకుండా మూసి తయారుచేస్తారు. ఐపి 67 అనే ప్రమాణం ప్రకారం మీటరు లోతు నీటిలో అరగంట ఉంచి పరీక్షిస్తారు. ఆ పరీక్ష నిలకడ నీటిలో అరగంటకు సంబంధించినది. వరద బురదలో రెండు రోజులు మునిగిన బండికి ఆ హామీ వర్తించదు. మునిగిన బండిని తుడిచి, ఆరబెట్టి మళ్ళీ చార్జింగు పెట్టడం ప్రాణాపాయం. సర్వీసు కేంద్రంవారు పరీక్షించే వరకు ముట్టుకోరాదు. అందువలన లంకల్లో విద్యుత్ కారు ఉన్న ఇల్లు రెండవ హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా, కరెంటు ఉండగానే పూర్తిగా చార్జి చేసి బండిని ఏటిగట్టు మీదికి చేర్చుకోవాలి. పెట్రోలు బండి కూడా మునిగితే పాడవుతుంది. కాని దానిని ఊళ్ళోని మెకానిక్కు విప్పగలడు. బ్యాటరీని విప్పగలవాడు ఊళ్ళో ఉండడు. బీమా పత్రంలో వరద నష్టంతో పాటు బ్యాటరీకి విడిగా రక్షణ ఉన్నదా అని చదివి చూసుకోవాలి.

తుపాను మాట వేరు. అందులో ఒక అనుకోని మేలు కూడా ఉన్నది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను చీకటిలో ముంచిన సంగతి పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. స్తంభాలు కూలి కరెంటు పోతే విద్యుత్ కారు కదలదని అందరూ అనుకుంటారు. నిజానికి కరెంటు లేకపోతే బంకులోని పంపు కూడా జనరేటరు మీదనే ఆధారపడాలి. తుపానుకు ముందు నిండుగా చార్జి చేసిన 40 యూనిట్ల బ్యాటరీ మామూలు తిరుగుడుకు వారం రోజులు వస్తుంది. కొన్ని కార్లలో బ్యాటరీ నుండి ఇంటి పరికరాలకు విద్యుత్తు తీసుకునే ఏర్పాటు ఉన్నది. రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఫోన్లు, పసిబిడ్డ పాలకోసం ఒక ఫ్రిజ్జు రోజుకు అయిదు యూనిట్లు తీసుకున్నా అనేక రోజులు గడుస్తాయి. కొనేటప్పుడు ఈ ఏర్పాటు ఉన్నదా అని అడిగేవారు తక్కువ. తీరప్రాంతంవారు మొదట అడగవలసినది ఇదే.

పర్యావరణం కోసం కొంటున్నామనే వారికి ఒక వివరం చెప్పాలి. మన రాష్ట్రపు విద్యుత్తులో గణనీయమైన భాగం ఇంకా బొగ్గు నుండే వస్తున్నది. పొగ వీధిలో నుండి పోయి కర్మాగారపు గొట్టానికి చేరుతుంది. అయినా మోటారు తక్కువ శక్తితో ఎక్కువ పని చేస్తుంది కాబట్టి మొత్తం మీద మేలే. ఇంధనం కోసం డెల్టా చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ మంటలు రెండు నెలలకు పైగా కోనసీమ రాత్రులను పగళ్ళు చేశాయి. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు గొట్టం పేలి ఊరి వీధి కాలిపోయింది. ఆ జ్ఞాపకం ఉన్నవారు తమ కప్పు మీద ఎండతో నడిచే బండిని కోరుకుంటే అది రూపాయల లెక్కలోకి రాని కోరిక. దానిని తప్పుపట్టలేము.

ఇన్నిటినీ కలిపి చూస్తే, సొంత ఆవరణ ఉండి రోజుకు 40, 50 కిలోమీటర్లు తిరిగే ఇంటికి విద్యుత్ కారు కొనదగినదే. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగి, అప్పుతో కొనే ఇల్లు ఆగడం మంచిది. పాత కారు ఇంకా నడుస్తుంటే ఆగడం మరీ మంచిది. బ్యాటరీల ధర, సాంకేతికత ఏటేటా మారుతున్నవి. వాడిన విద్యుత్ కార్లకు మారుధర ఇంకా నిలకడగా లేదు. బ్యాటరీని కొనకుండా కిలోమీటరుకు ఇంత అని అద్దె చెల్లించే పద్ధతి 2024 సెప్టెంబరులో విండ్సర్ కారుతో మన దేశంలో మొదలైంది. అప్పటి అద్దె కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. దానికి విద్యుత్తు ఖర్చు కలిపితే అయిదు రూపాయలకు చేరువవుతుంది. పెట్రోలుకు అయ్యే ఆరు రూపాయలతో పోలిస్తే మిగిలేది స్వల్పం. ముందు చెల్లించవలసిన భారం తగ్గడమే అందులోని సౌకర్యం.

బ్యాటరీకి సాధారణంగా 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తారు. సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మార్చి ఇస్తారు, బండి అమ్మితే ఆ వారంటీ రెండవ యజమానికి చెందుతుందా, సమీప సర్వీసు కేంద్రం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నది – ఈ మూడింటికి రాతపూర్వకమైన సమాధానం తీసుకోవాలి. ఆపైన షోరూమువారిని అడిగి బండిని ఒక పూట తెచ్చుకోవాలి. షోరూము ముందున్న నున్నని రోడ్డు మీద కాక, మే నెల మధ్యాహ్నం, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని, శీతల యంత్రం వేసి, తాము రోజూ తిరిగే కాలువగట్టు దారిలో నడపాలి. బయలుదేరే ముందు బ్యాటరీ శాతం, తిరిగివచ్చిన తరువాత బ్యాటరీ శాతం, మధ్య తిరిగిన కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసుకోవాలి.

ప్రశ్నలు

1. విద్యుత్ కారు వాడే యూనిట్లకు గృహ విద్యుత్ ధరల పట్టికలోని పైమెట్టు ధరను ఎందుకు వేయాలి? మీ ఇంటి గత నెల బిల్లు ఆధారంగా వివరించండి.

2. తక్కువ తిరిగే కుటుంబానికి, ఎక్కువ తిరిగే కుటుంబానికి విద్యుత్ కారు వలన కలిగే ప్రయోజనాలలో భేదమేమి?

3. నలోపాఖ్యానంలోని తాండ్రచెట్టు కథకూ, ఈ పాఠంలోని విషయానికీ గల సంబంధాన్ని తెలపండి.

4. వరద, తుపానుల సమయంలో విద్యుత్ కారు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను రాయండి.